మన సంఘం వార్షిక నివేదిక: యాళి బొమ్మలు, ఆవం కష్టాలు

సభ్యులందరికీ నమస్కారం.

కుండలు, దీపంతలు, పెండ్లిళ్లకు ఐరేని కుండలు ఎప్పటిలాగే చేశాం, అమ్మాం. ఈ ఏడాది వివరంగా చెప్పాల్సింది యాళి (సింహం ఒళ్లు, ఏనుగు తొండం ఉన్న పురాణ మృగం), మకరం (మొసలి లాంటి పురాణ జంతువు), గండభేరుండం (రెండు తలల పక్షి) బొమ్మల గురించి.

పని మొదలుపెట్టే ముందు కొందరం యాదగిరిగుట్టకు పోయి, 2022లో మళ్లీ తెరిచిన గుడిలో నల్లరాతి స్తంభాల మీది యాళీలను చాలాసేపు చూసి వచ్చాం. రాతి యాళి రొమ్ము ఎంత లావున్నా ఫరవాలేదు. మట్టి యాళి నిప్పులోంచి బయటికి రావాలి. ఆ తేడా మొదటి ఆవంలోనే, అంటే మట్టి సామాను కాల్చే బట్టీలోనే, తెలిసింది.

మంట పెట్టిన గంటలోపే లోపల పటపటమని చప్పుడు. చల్లారాక చూస్తే యాళి రొమ్ము పగిలిపోయి ఉంది. ఆ పెంకులు తగిలి పక్కనున్న గండభేరుండం ముక్కులు రెండూ విరిగాయి. నెల రోజుల కష్టం. ఆ రోజు ఎవరికీ అన్నం సహించలేదు. తప్పు మనదే. రొమ్మును గట్టి ముద్దగా చేశాం. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి అలాగే ఉంది. 100 డిగ్రీలు దాటగానే ఆ తడి ఆవిరై, బయటికి దారి లేక మట్టిని పగలగొట్టింది. ఆర్డర్ తేదీ దగ్గరపడిందన్న టెన్షన్‌లో తొందరపడ్డాం.

రెండోసారి బొమ్మ లోపలంతా తొలిచి, గోడను బొటనవేలు మందానికి తెచ్చాం. పొట్ట కింద చిన్న రంధ్రం పెట్టాం. మట్టిలో పాత పెంకుల పొడి, మిర్యాలగూడ మిల్లుల నుంచి తెచ్చిన ఊక కలిపాం. ఊక కాలిపోయిన చోట సన్నని దారులు మిగులుతాయి, పెంకుల పొడి మట్టిని మరీ ముడుచుకోనివ్వదు. తొండం అతికించేటప్పుడు ఒంటి మట్టి, తొండం మట్టి ఒకే పదునులో ఉండాలి. లేకపోతే ఒకటి ముందు, ఒకటి వెనక ముడుచుకుని అతుకు దగ్గర చీలుతుంది. సన్నని ముక్కులకు తడి గోనె చుట్టి మూడు వారాలు నీడలో ఆరబెట్టాం. ఆవం పెట్టిన రోజు మధ్యాహ్నం దాకా పిడకల పొగే. పొగ రంధ్రం మీద అద్దం పట్టి, తేమ పట్టడం ఆగిన తర్వాతే సర్కారు తుమ్మ కట్టె వేశాం. ఈ అద్దం ఉపాయం మన మహిళా సభ్యులది. వాళ్లకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఈసారి అన్నీ నిలిచాయి. కానీ చూడాలన్న ఆత్రంతో ఆవాన్ని వేడి మీదే తెరవడంతో ఒక మకరం నడుము దగ్గర చీలింది. మట్టిలోని ఇసుక రేణువులు 573 డిగ్రీల దగ్గర ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అక్కడే మళ్లీ ముడుచుకుంటాయి. ఆ సమయంలో చల్లగాలి తగలకూడదు. ఇకమీదట చెయ్యి పెట్టగలిగేంత చల్లారేదాకా ఎవరు అడిగినా తెరవొద్దని తీర్మానించాం.

ఇంకొక దెబ్బ ఆలస్యంగా తగిలింది. బాగా కాలి, ఎర్రగా వచ్చిన బొమ్మలు కొన్ని, ఇచ్చిన పది రోజులకు పెచ్చులు ఊడాయి. ఊడిన ప్రతి చోటా ఒక తెల్లని చుక్క. సున్నపురాయి నలుసులు! మన జిల్లాలో సున్నపురాయి ఎక్కువ కదా. కాలిన నలుసు గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, పైమట్టిని నెట్టేస్తుంది. ఆ బొమ్మలకు డబ్బు తిరిగి ఇచ్చేశాం. ఇప్పుడు మట్టిని నీళ్లలో కలిపి సన్నని జాలీలో వడపోసి, తేట పారబోసి వాడుతున్నాం. పని రెట్టింపయింది, అయినా మానేది లేదు.

చెరువు మట్టి అనుమతి కోసం ఈ ఏడాది కూడా చాలాసార్లు తిరిగాం. ఇంకా చేతికి రాలేదు. జమాఖర్చుల కాగితం షెడ్డు గోడకు అంటించాం, చూడగలరు.

వచ్చే ఆవం సంక్రాంతి దాటాక పెడతాం. బొమ్మలను నెల ముందే షెడ్డులోని నీడ గదికి చేర్చండి. తెచ్చే ముందు పొట్ట రంధ్రంలో వేలు పెట్టి లోపలి గోడ మందం ఒకసారి చూసుకోండి.