బడి గ్రౌండు సాయంత్రాలు తెరవాలంటే

అందరికీ నమస్కారం. న్యూయార్క్‌లో పార్కుల శాఖ, విద్యాశాఖ కలిసి 2007లో బడి లేని వేళల్లో బడి ఆవరణల్ని వాడలోని పిల్లలకు తెరవడం మొదలుపెట్టాయి. మన వార్డులోనూ బడి, మున్సిపాలిటీ అలా కలిసి రావాలి.

హెడ్మాస్టరు గారి నోటిమాట చాలదు. ఆయన బదిలీ అయిన మర్నాడే గేటుకు తాళం పడుతుంది. బడి యాజమాన్య కమిటీ తీర్మానం, మున్సిపల్ కమిషనర్‌కు అర్జీ, మండల విద్యాధికారికి నకలు ఉండాలి. తాళంచెవి ఎవరి దగ్గర, ఊడ్చేదెవరు, కరెంటు బిల్లు ఎవరిది, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, ఇవన్నీ కాగితం మీద లేకపోతే మొదటి కిటికీ అద్దం పగిలిన రోజే అంతా ఆగిపోతుంది. తరగతి గదుల వైపు తాళం వేసినా మరుగుదొడ్డి తెరిచే ఉంచాలి. లేకపోతే ఆడపిల్లలే ముందు రావడం మానేస్తారు.

తెరిచే ముందు ఉయ్యాల కొక్కేలు చూడండి. కొక్కెం సందులో రూపాయి బిళ్ళ దూరిందంటే పిల్లల బట్టలు చిక్కుకుంటాయి, బిగించాల్సిందే. జారుడుబల్ల చుట్టూ ఆరడుగుల ఖాళీ, కింద అడుగు లోతు ఇసుక కావాలి. పిల్లలు దిగేచోట ఇసుక పక్కకు పోయి గట్టినేల తేలుతుంది. వారానికోసారి పారతో సర్దాలి. రేకు జారుడుబల్ల అయితే ఎండాకాలం పొద్దు వాలాకే.