మసాయి మారా తర్వాత చూద్దాం, శీనూ

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన కెన్యా మసాయి మారా సఫారీ ప్యాకేజీ వివరాలు చదివాను. ధర సంగతి అటుంచు, ఆ ఫొటోలు చూశావా? ఒక్క చిరుతపులి, దాని చుట్టూ డజను జీపులు. మనకెందుకురా ఆ తోపులాట? పెద్దగా ఎవరూ వెళ్లని చోటు చెప్తాను, విను. ఉత్తర జాంబియా. అక్కడ బంగ్వేలు చిత్తడి నేలలు, వాటికి దక్షిణాన కసాంక నేషనల్ పార్కు.

సింహాల కోసమైతే కసాంక దండగ, ముందే చెప్తున్నా. 400 చదరపు కిలోమీటర్లు కూడా లేని చిన్న పార్కు అది. అసలు సరుకు బంగ్వేలులో ఉంది. షూబిల్ అనే పక్షి! నాలుగడుగుల ఎత్తు, బూడిద రంగు ఒళ్లు, బూటు ఆకారంలో ఇంత లావు ముక్కు, దాని చివర కొక్కెం. పాపిరస్ దుబ్బుల మధ్య కదలకుండా అలా నిలబడే ఉంటుంది. లంగ్‌ఫిష్ గాలి పీల్చుకోవడానికి పైకి తేలిందో, ఒళ్లంతా ముందుకు పడేసి ముక్కుతో పట్టేస్తుంది. చేపతో పాటు గడ్డీ గాదం కూడా నోట్లోకి వస్తాయి కదా, తల అటూ ఇటూ ఊపి గడ్డిని జారవిడిచి చేపను మాత్రం మింగుతుంది. ఆ వీడియో నేనెన్నిసార్లు చూశానో మీ చెల్లెమ్మనడుగు, చెప్తుంది. పైకి కొంగలా కనిపిస్తుంది గానీ జన్యువుల లెక్కన గూడబాతులకే (పెలికాన్లకే) దగ్గర చుట్టం. అంటే మన ఉప్పలపాడు చెరువులో కూర్చునేవాటికన్నమాట! షూబిల్‌లు ప్రపంచం మొత్తం మీద 5,000 నుంచి 8,000 వరకు ఉంటాయని అంచనా. పిల్లల్ని గూళ్లలోంచి ఎత్తుకెళ్లి అమ్ముకునేవాళ్ల బెడద ఉండటంతో అక్కడి జాలర్లనే గూళ్లకు కాపలా పెట్టారు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు అది. నల్ల లేచ్వే అనే జింకకు కూడా ఆ బంగ్వేలు ప్రాంతమే సొంత గడ్డ.

చిక్కల్లా నెల దగ్గరే వస్తోంది. షూబిల్‌కు మే నుంచి జూలై వరకు అనువు. నీళ్లు తీస్తూ ఉంటాయి, కొంత పడవలో, కొంత తేలే గడ్డి మీద నడుస్తూ వెళ్లొచ్చు. కసాంకలో గబ్బిలాల జాతర మాత్రం అక్టోబర్ ఆఖరు నుంచి డిసెంబర్ దాకా. కాంగో వైపు నుంచి దాదాపు కోటి పండుతిండి గబ్బిలాలు వచ్చి చిన్న అడవి ముక్కలో వేలాడతాయి. ఆ బరువుకు కొమ్మలు విరిగి పడతాయట. సాయంత్రం అన్నీ ఒకేసారి లేస్తాయి, వాటికోసం డేగలు కాచుకుని ఉంటాయి. రెండూ ఒక్క ట్రిప్పులో కుదరవు. నా ఓటు షూబిల్‌కే. పైగా నీకు కాలేజీ సెలవులు మేలోనే కదా, నవంబర్లో నిన్నెవడు వదులుతాడు? గబ్బిలాలు లేకపోయినా కసాంకలో ఫిబ్వే అనే మంచె ఉంది, ఎత్తైన చెట్టు మీద. తెల్లారకముందే ఎక్కి కూర్చుంటే బురదలో తిరిగే సిటటుంగా జింకలు కనిపిస్తాయి. మెట్లు నిటారుగా ఉంటాయి, నీ మోకాలి సంగతి ఇప్పుడే డాక్టర్‌కు చూపించుకో. ఆఫ్రికా అన్వేషకుడు లివింగ్‌స్టన్ 1873లో చనిపోయిన చోటు కూడా ఆ దగ్గర్లోనే. నాకంత ఆసక్తి లేదు గానీ, చరిత్ర మాస్టారివి, నువ్వు వదలవు.

రాజధాని లుసాకా నుంచి కసాంకకు 500 కిలోమీటర్ల పైమాటే. అక్కడా మనలాగే ఎడమవైపే డ్రైవింగ్, అయినా ఆ మట్టిరోడ్ల మీద మన హీరోయిజం వద్దు, డ్రైవర్‌తో సహా ఫోర్‌వీల్ డ్రైవ్ బండి తీసుకుందాం. నీలం, నలుపు బట్టలు సర్దకు. సెట్సీ ఈగలు ఆ రంగులకే ఎగబడతాయి, నీ జీన్స్ మీదా జాలి చూపించవు. తిండికి టెన్షన్ లేదు. ఎన్షిమా అని మొక్కజొన్న పిండితో చేస్తారు, మన సంకటి లాంటిదే. వేరుశనగ పొడి వేసి వండిన ఆకుకూరతో చేత్తో తినడమే.

ఒక్క పని మాత్రం వాయిదా వేయకు. ఎల్లో ఫీవర్ టీకా. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. మనం ఎల్లో ఫీవర్ ముప్పున్న ఇథియోపియాలోని అడిస్ అబాబా మీదుగా తిరిగి వస్తాం కాబట్టి, ఆ కార్డు లేకపోతే ఇక్కడ దిగాక ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మాత్రలు కూడా డాక్టర్‌ని అడిగి రాయించుకో.

ఈ ఆదివారంలోగా ఔననో కాదనో చెప్పు. బంగ్వేలులో ఉండటానికి చోట్లు బహు తక్కువ, ఆలస్యం చేస్తే దొరకవు. వదినగారికి నేనే ఫోన్ చేసి ఒప్పిస్తాను, అది నాకు వదిలెయ్.

నీ
ప్రసాద్