పెట్రోలు వాసన నీళ్లకు పరీక్ష చేసేదెవరు?

సంపాదకుడు గారికి నమస్కారం.

నేను నార్కట్‌పల్లి మండలంలో బోరు మోటర్ల మెకానిక్‌ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మా జిల్లాలో నీళ్ల మాట ఫ్లోరైడ్ దగ్గర మొదలై అక్కడే ఆగుతుంది. నేను రాసేది వేరే సంగతి.

పోయిన వానాకాలం హైవే పక్కన ఉండే ఒక అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, నీళ్లు గాసునూనె వాసనొస్తున్నయి. నీ మోటరు ఆయిలు కారుతున్నట్టుంది, వచ్చి చూడు" అంది. నాకు కోపమొచ్చింది. అది లోపల ఆయిలుకు బదులు నీళ్లు నింపే రకం మోటరు, దాంట్లో ఆయిలే ఉండదు. పైపులు విప్పి పైకి లాగాం. కేబుల్ జాయింటుకు నేను చుట్టిన టేపు జిగురు కరిగి ఊడొచ్చింది. పైపులోంచి కారిన నీళ్ల మీద ఎండలో రంగురంగుల పొర. అక్కడికి నూట యాభై మీటర్లలో పాత పెట్రోలు బంకు ఉంది. పేరు రాయను, నా చేతిలో రుజువు కాగితం లేదు. ఎందుకు లేదో చెబుతాను.

నీళ్లు పట్టుకెళ్లి పరీక్షకు ఇచ్చాం. ఫ్లోరైడ్, నైట్రేట్, ఉప్పు, కాఠిన్యం చూసి "తాగడానికి పనికొస్తాయి" అని కాగితం ఇచ్చారు. మొహం దగ్గర పెట్టుకుంటే కళ్లు మండే నీళ్లకు! వాళ్లది తప్పనను, రోజూ చేసే పరీక్షే చేశారు. పెట్రోలులోని బెంజీన్‌ను పట్టుకోవాలంటే వేరే యంత్రం కావాలి. నేను నీళ్లు పట్టిన తీరు కూడా తప్పేనని తర్వాత తెలిసింది. కూల్‌డ్రింక్ సీసాలో సగం దాకా పట్టి ఎండలో బండి మీద తీసుకెళ్లాను. గాజు సీసాలో, గాలి బుడగ లేకుండా అంచు దాకా నింపి, మూత బిగించి ఐసులో పెట్టి తీసుకెళ్లాలట. లేకపోతే బెంజీన్ దారిలోనే ఆవిరైపోతుంది.

బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చే పదార్థం. తాగే నీళ్లలో లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అమెరికాలో 5 కూడా దాటకూడదు. ఆ 10 లెక్కన చూసినా లక్ష లీటర్ల నీళ్లను ఆ హద్దుకు చేర్చడానికి ఒక్క గ్రాము బెంజీన్ చాలు. అంటే ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై.

బంకులో అడిగితే "మా స్టాకు రోజూ సరిపోతోంది" అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేశాను. సెకనుకు ఒక్క చుక్క కారిందనుకోండి. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు చొప్పున రోజుకు 4 లీటర్లు దాటుతుంది, ఏడాదికి 1,500 లీటర్ల పైమాటే. వేల లీటర్లు పట్టే ట్యాంకులో డిప్ రాడ్డు (మట్టం కొలిచే కడ్డీ) దించితే ఆ నాలుగు లీటర్లు కనబడతాయా? ఆవిరి ఖాతాలో పోతాయి.

ఇక నా తప్పు ఒకటి. "ఈ బోరు వదిలెయ్యక్కా, పక్కన లోతుగా ఇంకోటి వేద్దాం" అన్నది నేనే. 420 అడుగులు వేయించాం. రెండు నెలలకే అదే వాసన. మాది పైన మొరం, కింద గ్రానైటు. నీళ్లు బండ పగుళ్లలోనే నడుస్తాయి. పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది గానీ, బెంజీన్ కొంత కరిగి పగులు ఎటు పోతే అటు పోతుంది. బంకు పక్క బోరు బాగుండి దూరపు బోరు చెడొచ్చు. చెడిన పొర గుండా కొత్త పొక్క వేస్తే దాన్ని మనమే కిందికి దింపినట్టు. అక్క అప్పు తెచ్చి వేయించిన బోరు అది. ఆ ఇంటి ముందు నుంచి పోవాలంటే ఇప్పటికీ మొహం చెల్లదు.

"భగీరథ నీళ్లొస్తున్నాయి కదా, బోరు నీళ్లెవరు తాగుతారు" అంటారు. స్నానానికీ గిన్నెలకూ బర్రెలకూ బోరే. కాగబెడితే ఆవిరి ఇంట్లోనే తిరుగుతుంది. వాటర్ ప్లాంటులో ఆర్వో పొర కూడా ఫ్లోరైడ్‌ను ఆపినట్టు బెంజీన్‌ను ఆపదు.

బోరు మూస్తే నేల శుభ్రం కాదు. ట్యాంకు ఖాళీ చేసి కారడం ఆపాలి, నానిన మట్టి తీయాలి, తేలే పెట్రోలు తోడాలి, నేలలోని ఆవిరిని పంపుతో లాగాలి. నీళ్లలోకి గాలి ఊదితే మిగిలినదాన్ని సూక్ష్మజీవులు కొంత తినేస్తాయి. మా బండల్లో ఇది ఏళ్ల తరబడి పని. ఖర్చు ఎవరు పెట్టాలి? అమెరికాలో భూగర్భ ట్యాంకులకు 1984లో చట్టం తెచ్చారు. 1986లో గ్యాలన్ ఇంధనానికి సెంటులో పదో వంతు పన్నుతో నిధి పెట్టారు. మనం లీటరుకు కట్టే పన్నులో ఒక్క పైసా ఇందుకు తీయలేమా?

కొత్త బంకులు ఇళ్లకూ బడులకూ 50 మీటర్ల దూరంలో ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో చెప్పింది. బండ పగులుకు యాభై మీటర్లు ఒక లెక్కా? పాత బంకుల మాటేమిటి? కలెక్టర్ గారు హైవే మీది పాత బంకులన్నింటి దగ్గరా పరిశీలన బోర్లు వేయించి, చుట్టుపక్కల బోర్ల నీళ్లకు బెంజీన్ పరీక్ష చేయించాలి. మనుషుల్ని గాజు సీసాలతో పంపిస్తే చాలు, ఆ రెండు బోర్ల పైపులు నేనే లాగి ఇస్తాను. కూలి వద్దు.

- ఒక బోరు మోటర్ల మెకానిక్,
నార్కట్‌పల్లి మండలం, నల్లగొండ జిల్లా