కూలెంట్ డబ్బాతో ఇస్తున్న కాగితంలో తప్పుల గురించి ఫిర్యాదు

విశాఖపట్నం

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: "కూలెంట్ ఇంట్లోనే మార్చుకోండి" అన్న మీ కాగితాన్ని వెంటనే సరిదిద్దడం గురించి.

అయ్యా,

మేము గాజువాక ఆటోనగర్‌లో రేడియేటర్ పని చేసేవాళ్లం. ఇంజిన్‌ను చల్లబరిచే మీ రెడీమిక్స్ (సగం నీళ్లు ముందే కలిపిన) కూలెంట్ సరుకు మీద మాకు పేచీ లేదు. లీటరు డబ్బాతో పాటు ఇస్తున్న కాగితం మీదే పేచీ అంతా. అందులో ఉన్నది ఉన్నట్టు చేసినవాళ్ల బండ్లలోనే కూలెంట్ పలచబడిపోతోంది.

కాగితంలో నాలుగో అంశం చూడండి. పాత కూలెంట్ దించి, నీళ్లు నింపి ఇంజిన్ నడిపి, ఆ నీళ్లు దించేసి, రెడీమిక్స్ పోయమన్నారు. 5 లీటర్లు పట్టే బండినే తీసుకుందాం. రేడియేటర్ కింద ప్లగ్ విప్పితే సుమారు సగమే, అంటే రెండున్నర లీటర్లే దిగుతుంది. మిగతాది ఇంజిన్ బ్లాక్‌లో, హీటర్ కోర్‌లో ఉండిపోతుంది. నీళ్లతో బాగా కడిగాక లోపల మిగిలే ఆ రెండున్నర లీటర్లూ ఉత్త నీళ్లే. దాని మీద మీ రెడీమిక్స్ రెండున్నర లీటర్లు పోస్తే అందులో గ్లైకాల్, అంటే నీళ్లు కాక కూలెంట్‌లో ఉండే అసలు ద్రవం, లీటరుంపావు. 5 లీటర్లలో లీటరుంపావు అంటే 25 శాతం. మీ డబ్బా మీద రాసుకున్నది 50. మళ్లీ దించి మళ్లీ రెడీమిక్స్ పోస్తే 37న్నరకు వస్తుంది, మూడోసారికి 44 లోపే. అప్పటికి ఏడున్నర లీటర్ల సరుకు ఖర్చు. అమ్మకానికి మంచిదే, కొన్నవాడికి కాదు.

కడిగినప్పుడు పోయాల్సింది కాన్సంట్రేట్, అంటే నీళ్లు కలపని చిక్కటి కూలెంట్. లోపల నిలిచిన రెండున్నర లీటర్ల నీళ్లకు రెండున్నర లీటర్ల కాన్సంట్రేట్ పోస్తే లెక్క సగానికి సగం సరిపోతుంది. దించిన కూలెంట్ తేటగా ఉంటే అసలు కడగనక్కర్లేదు, దిగినంత రెడీమిక్స్ పోస్తే చాలు. ఈ రెండు ముక్కలు కాగితంలో ఎక్కడా లేవు.

పలచబడితే ఏమవుతుందని మీ వాళ్లు అడగొచ్చు. మరిగే డిగ్రీలు కొద్దిగా తగ్గుతాయి. ఏసీ వేసుకుని అనంతగిరి ఘాట్ ఎక్కే బండికి ఆ కొద్దీ లెక్కే. అసలు నష్టం తుప్పు ఆపే మందు సగమైపోవడం. అల్యూమినియం గొట్టాల్లో, వాటర్ పంపులో తినేయడం మొదలయ్యాక ఏ కూలెంట్ పోసినా అది వెనక్కి రాదు. మీ డబ్బా మీద మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదని అరచేయంత అక్షరాల్లో వేశారు, లంబసింగి చలి కూడా అంత దూరం పోదు. రెడీమిక్సా, కాన్సంట్రేటా అన్నది మాత్రం వెనకవైపు ఆవగింజంత అక్షరాల్లో ఉంది. పైగా "నీళ్లు" అని ఊరుకున్నారు. సముద్రం పక్క కాలనీల్లో బోరు నీళ్లు ఉప్పన. ఆ ఉప్పు అల్యూమినియంకు చిల్లులు పెడుతుంది, సున్నం సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ అని రాయాలి.

ఇంకొకటి ప్రమాదం. రెండో అంశంలో హీటర్ వేసి ఇంజిన్ పది నిమిషాలు నడపమని, మూడోదాంట్లో క్యాప్ తీయమని ఉంది. మధ్యలో చల్లారనివ్వమన్న మాటే లేదు. ప్రెషర్‌లో ఉన్న వేడి కూలెంట్ క్యాప్ తిప్పగానే ఆవిరై మొహాన కొడుతుంది. కనీసం రెండు గంటలు ఆగి, పై హోస్ చేత్తో పట్టుకుంటే చల్లగా ఉన్నప్పుడే క్యాప్ తీయాలి.

డ్రెయిన్ ప్లగ్ చాలా బండ్లలో ప్లాస్టిక్‌ది. ఏళ్లు గడిస్తే పెళుసెక్కుతుంది, ప్లయర్‌తో తిప్పితే చెవి విరుగుతుంది. బిగించేటప్పుడు రబ్బరు రింగు కొత్తది వేసి చేతిబిగువు చాలు. కొన్ని బండ్లకు ప్లగ్గే ఉండదు, కింది హోస్ క్లిప్పు జరిపి దించాలి. మీ బొమ్మలో అన్ని బండ్లకూ ప్లగ్ ఉన్నట్టే చూపించారు. నింపాక గాలి తీయడం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. మెల్లగా పోసి, హీటర్ వేడి మీద పెట్టి, రేడియేటర్ ఫ్యాన్ రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా ఇంజిన్ నడపాలి. మర్నాడు పొద్దున చల్లటి బండిలో రిజర్వ్ డబ్బా మట్టం చూసి తగ్గింది పోయాలి. టెంపరేచర్ ముల్లు గబగబా పైకెక్కినా, హీటర్‌లో చల్లగాలి వచ్చినా లోపల గాలి చిక్కుకున్నట్టే.

దించిన పాత కూలెంట్‌ను "తగిన విధంగా పారవేయండి" అన్నారు. మా ఊళ్లో కాలువలో పోసింది గెడ్డలోకి, గెడ్డలోది సముద్రంలోకి. దారిలో కుక్కలు, మేకలు తాగుతాయి, ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం కాబట్టి. మూతున్న డబ్బాలో పట్టి, పిల్లలకందకుండా ఉంచి, వాడేసిన ఆయిల్ తీసుకునే గ్యారేజీలో అడిగి ఇవ్వమని స్పష్టంగా రాయండి. ఎవరూ తాగకుండా చేదు మందు కలుపుతున్నారో లేదో కూడా డబ్బా మీద చెప్పండి.

ఈ కాగితాన్ని వెనక్కి తీసుకుని, సరిదిద్దినది తెలుగులో ముద్రించాలి. కాన్సంట్రేట్, రెడీమిక్స్ అన్న మాటలు డబ్బా ముందువైపు పెద్దగా ఉండాలి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద విశాఖపట్నంలోని జిల్లా కమిషన్‌కు వెళ్తాం. మీ కాగితం నకలు, 25 శాతం చూపించిన రిఫ్రాక్టోమీటర్ (గ్లైకాల్ శాతం కొలిచే పరికరం) ఫొటోలు జతపరిచాం.

ఇట్లు,
రేడియేటర్ మెకానిక్‌లు,
ఆటోనగర్, గాజువాక