డెన్వర్ వెళ్లొచ్చాం నాన్నా, ఇదీ మైలేజీ లెక్క

డాలస్

నాన్నగారికి,

ఇక్కడ అందరం క్షేమం. అత్తయ్యగారిని, మామయ్యగారిని డెన్వర్‌లో వదిన వాళ్లింట్లో దింపి నిన్ననే తిరిగొచ్చాం. ఫోనెత్తగానే "మైలేజీ ఎంతొచ్చింది?" అని అడిగారు. మనవల సంగతి అడగరేం అని అమ్మ వెనక నుంచి కేకలేస్తుంటే ఇక లెక్క చెప్పడం కుదర్లేదు. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

మా సియెన్నా హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు బ్యాటరీ మోటారు కూడా ఉన్న టొయోటా వ్యాన్) స్టిక్కర్ మీద గ్యాలన్‌కి 36 మైళ్లని ఉంటుంది. మన లెక్కలో లీటరుకి 15 కిలోమీటర్ల పైచిలుకు. వెళ్లేటప్పుడు వచ్చింది 29, అంటే లీటరుకి 12. మీ పద్ధతిలోనే, ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి లెక్కేశాను.

బండిలో లోపమేమీ లేదు. డాలస్ నుంచి అమరిల్లో దాకా రోడ్డు చదునుగానే కనిపిస్తుంది కానీ 430 అడుగుల నుంచి 3,600 అడుగులకి ఎక్కిస్తుంది. కొలరాడోలోకి దిగే ముందు రాటన్ కనుమ 7,800 అడుగులు దాటుతుంది. అమరిల్లోలో గాలి గురించి ఇదివరకు వినడమే గానీ చూడలేదు, ఈసారి దారంతా ఎదురుగాలే. ఊళ్లో అయితే బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ కొంత ఛార్జవుతుంది. హైవే మీద బ్రేకు తొక్కేదే తక్కువ, ఇక హైబ్రిడ్ లాభం ఎక్కడిది?

అయినా నా అనుమానమంతా టాప్ మీద పెట్టిన లగేజీ పెట్టె మీదే. గంటకి 65–75 మైళ్ల వేగంలో అలాంటిది 10 నుంచి 25 శాతం దాకా మైలేజీ తినేస్తుందని ఇక్కడి ప్రభుత్వమే చెబుతుంది. పెట్టె వదిన వాళ్లదే, అక్కడే దించేశాం. వచ్చేటప్పుడు దిగుడు కూడా కలిసొచ్చి 35 వచ్చింది.

మన కారు మీద క్యారియర్ ఇంకా అలాగే ఉందట, తమ్ముడు చెప్పాడు. సామాను లేకపోయినా అది గాలికి అడ్డమే నాన్నా, ఈ ఆదివారం విప్పించేయండి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు గంటకి 100 కిలోమీటర్లకి బదులు 80లో పోయి చూడండి. వేగం 80 నుంచి 100కి పెరిగితే గాలి ఒత్తిడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది. తమ్ముడు కొత్త బండి కొంటానంటున్నాడుగా, షోరూమ్‌లో చెప్పే మైలేజీ ల్యాబ్‌లో రోలర్ల మీద తీసింది, అందులో వేగం 90 దాటదు. దాన్ని పట్టుకుని వాడు బడ్జెట్ వేసుకోకూడదు.

శ్రీశైలం ఘాట్‌లో దిగేటప్పుడు పెట్రోల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేస్తారు చూడండి, అది మానేయండి. పాత అంబాసిడర్ రోజులు వేరు. ఇప్పటి ఇంజన్లు గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితేనే ఊరికే తిరుగుతూ ఉండటానికి పెట్రోల్ తాగుతాయి, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. రాటన్ దిగుతుంటే మా బండి బ్యాటరీ నింపుకుంటూనే దిగింది.

ఏసీ ఆపేసి అమ్మని ఉడికించకండి కూడా. హైవే వేగంలో అద్దాలు దించుకుని పోతే పెద్దగా మిగిలేదేమీ ఉండదు, దుమ్ము తప్ప.

శ్రీశైలం వెళ్లొచ్చాక మీ డైరీలో ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టండి. క్యారియర్ లేకుండా ఎంతొచ్చిందో చూడాలి.

మీ అమ్మాయి