ఎడారికి వెళుతున్న అంబాసిడర్: డిసెంబరు 28 వరకు జమా ఖర్చుల వివరణ

దాతలకు, మిత్రులకు నమస్కారం.

ఈ లెక్కలో 'ఇతర ఖర్చులు' అనే పద్దు లేదు. కోశాధికారిగా ఉండమన్నప్పుడు నేను పెట్టిన షరతు అదొక్కటే. ముప్పై ఏళ్లు చిట్టా ఆవర్జాలతో, అంటే జమాఖర్చుల పుస్తకాలతో గడిపినవాణ్ణి. తప్పిపోయిన డబ్బు ఏదైనా చివరికి ఆ పద్దులోనే తేలుతుందని నాకు బాగా తెలుసు. అందువల్ల జాబితా పొడుగైంది, ఓపిక పట్టండి.

కొత్తగా చేరిన దాతల కోసం రెండు మాటలు. ఆటోనగర్ షెడ్డులో ఆరేళ్లుగా టార్పాలిన్ కింద ఉన్న 1994 నాటి అంబాసిడర్ జనవరి 6న విజయవాడ నుంచి బయలుదేరుతుంది. హైదరాబాద్, నాగపూర్, ఇండోర్, ఉదయపూర్, జోధ్‌పూర్ మీదుగా జైసల్మేర్ చేరి, అక్కడికి వచ్చే మిగతా పాత కార్లతో కలిసి థార్ ఎడారిలో, సరిహద్దు దగ్గరున్న తనోట్ దాకా వెళ్లి వస్తుంది. రానూపోనూ సుమారు 4,800 కిలోమీటర్లు. వసూలైన సొమ్ము ఎ.కొండూరు మండలం తండాల నుంచి డయాలసిస్‌కు వెళ్లే కిడ్నీ రోగుల దారిఖర్చులకు. వారానికి రెండు మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు యంత్రం పక్కన పడుకోవలసినవారు వాళ్లు. వైద్యం ఉచితంగా దొరికినా ఆటో, బస్సు చార్జీలు, తోడు వచ్చినవారు పోగొట్టుకునే కూలి సొంతంగానే భరించుకోవాలి.

ఖాతాలు రెండు. ఒకదాని డబ్బు మరొకదానిలోకి పోదు.

సహాయ ఖాతా: 214 మంది దాతల నుంచి జమ 1,86,750 రూపాయలు. ఖర్చు లేదు. నిల్వ 1,86,750.

కారు ఖాతా: 11 మంది సభ్యులు తలా 12,000 చొప్పున 1,32,000. పాత టైర్లు, బ్యాటరీ, రేడియేటర్ తుక్కు కింద అమ్మగా 3,400. మొత్తం జమ 1,35,400. ఖర్చు 1,32,980. నిల్వ 2,420.

అంటే మీరిచ్చిన రూపాయితో కారుకు ఒక నట్టు కూడా కొనలేదు. దారిలో పెట్రోలు కూడా ఈ ఖాతాల్లోకి రాదు. లీటరుకు పది కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే 480 లీటర్లు, లీటరు 110 రూపాయల లెక్కన 52,800. అది కారులో వెళ్లే నలుగురి సొంత ఖర్చు.

ఇక కారు ఖాతా ఖర్చులు. ఇంజన్‌కు రింగులు, వాల్వులు, గ్యాస్కెట్లు, లేత్ పని, కూలితో కలిపి 34,500. ఐదు టైర్లు, ఒక్కోటి 5,400 చొప్పున 27,000. వెనక కమాన్లు, నాలుగు షాక్ అబ్జార్బర్లు 15,800. బ్యాటరీ, వైరింగ్ 9,450. బ్రేకులు, చక్రాల బేరింగులు 8,700. బీమా, కాలుష్య పత్రం 6,380. ఇంజన్ అడుగున రాళ్లు తగలకుండా ఇనుప రేకు 2,900. రసీదు పుస్తకాలు, బ్యానరు 1,900. ఇసుకలో చక్రాల కింద పరిచే రేకు పలకలు, జాకీ కింద చెక్క, పార, లాగుడు తాడు, కాలితో గాలి కొట్టే పంపు, నీళ్ల డబ్బాలు కలిపి 4,850. ఆ పలకలు అంత అవసరమా అని ఒక సభ్యుడు అడిగారు. టైర్లలో గాలి 28 పౌండ్ల నుంచి 18కి దించి నడిపినా మెత్తటి ఇసుకలో బండి దిగబడటం మామూలే. చక్రం తిరుగుతూ గుంట తవ్వుకుంటుందే తప్ప ముందుకు కదలదు.

విద్యుత్ పెట్రోలు పంపు, గొట్టం, ఫిల్టరు 3,250. ఇంజన్‌కు అంటుకుని ఉండే పాత పంపు వేడెక్కితే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బుడగ కడుతుంది. పంపు ఎంత లాగినా బుడగ తప్ప ఏమీ రాదు, బండి నిలిచిపోతుంది. పాతకాలం డ్రైవర్లు దాని మీద తడిగుడ్డ వేసి కూర్చునేవారు. కొత్త పంపును వెనక ట్యాంకు పక్కనే బిగించాం. తడిగుడ్డ కూడా డిక్కీలో ఉంది, దానికి ఓచరు లేదు.

ఎక్కువ ప్రశ్నలు వచ్చింది ఇంజన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్ మీద. రెండు ఓచర్లు ఎందుకున్నాయి? చలికాలంలో వెళుతూ దాని మీద అంత ఖర్చేమిటి?

మొదటి ఓచరు 2,800. అది దండగ. ఆ దుకాణం సూచించింది నేనే. కారుతున్న చోట టంకం వేసి, రంగు కొట్టి, కొత్తదానిలా చేసి ఇచ్చారు. పరీక్షకని కొండపల్లి కోట ఘాట్ రోడ్డు ఎక్కించాం. సగం దారిలో వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. అరగంట ఆగి, మూతను గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పితే తుప్పు రంగు నీళ్లు పొంగాయి. మర్నాడు ఆటోనగర్‌లో మా మేస్త్రీ పైతొట్టి ఊడదీసి, రేడియేటర్‌ను ఎండ వైపు ఎత్తి పట్టుకుని నన్ను పిలిచారు. గొట్టాల్లోంచి వెలుగు కనిపించాలి. వరుసకు రెండో మూడో చోట్ల తప్ప అంతా చీకటి. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్లు లోపల సున్నంలా గట్టిపడిపోయాయి. పైన టంకం వేసినవాళ్లు లోపల చూడలేదు, చూడమని నేనూ అడగలేదు. మూడు వరుసల గొట్టాల స్థానంలో నాలుగు వరుసలతో కొత్త కోర్ వేయించాం, 11,200. ముందు వైపు విద్యుత్ ఫ్యాను 3,600. ఈసారి అదే ఘాట్ రోడ్డు రెండుసార్లు ఎక్కితే ముల్లు సగం దాటలేదు.

చలికాలం సంగతికొస్తే, జనవరిలో జైసల్మేర్ పగలు మన ఊరి కంటే చల్లగానే ఉంటుంది. కాని ఇసుకలో బండి మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో పోతుంది. ఇంజన్ గట్టిగా తిరుగుతుంటుంది, ఎదురుగాలి మాత్రం ఉండదు. అప్పుడు వేడి పోవాలంటే ఫ్యాన్లు లాగే గాలే దిక్కు.

చివరి పద్దు స్పీడోమీటరు కేబుల్, 650 రూపాయలు. మొత్తం చిట్టాలో దీనికంటే ముఖ్యమైనది లేదని నేనంటే కమిటీ నవ్వింది. 63 మంది దాతలు ఒకేసారి ఇవ్వకుండా, నడిచిన ప్రతి కిలోమీటరుకు ఇంత అని మాటిచ్చారు. అందరివీ కలిపితే కిలోమీటరుకు 94 రూపాయలు. 4,800తో హెచ్చవేస్తే 4,51,200 వస్తుంది. ఆ అంకెను బ్యానరు మీద వేద్దామన్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుందని నేను ఒప్పుకోలేదు. చేతికి వచ్చాకే జమ. కాని ఆ డబ్బంతా ఈ కేబుల్ తిప్పే కిలోమీటర్ల మీటరు మీదే ఆధారపడి ఉంది. మా మీటరు ఆరేళ్ల క్రితం ఆగినచోటే ఆగి ఉంది.

కొత్త కేబుల్ వేశాక హైదరాబాద్ రోడ్డు మీద కిలోమీటరు రాళ్లతో సరిచూశాం. రాళ్ల ప్రకారం 100 కిలోమీటర్లు నడిస్తే మీటరు 96 చూపింది. కొత్త టైర్లు పాతవాటికంటే దాదాపు అంగుళం ఎత్తు, అందుకని అంతే దూరానికి చక్రం తక్కువసార్లు తిరుగుతుంది. మీటరు చూపినంతే లెక్కగట్టాలని కొందరు, ఆ నాలుగు కిలోమీటర్లూ కలపాలి, రోగులకు వెళ్లే డబ్బు మనమెందుకు వదులుకోవాలని ఇంకొందరు పట్టుబట్టారు. వాదన రెండు ఆదివారాలు సాగింది. నిర్ణయం ఇది: మీటరు చూపిందే లెక్క. తేడా ఇక్కడ రాశాం కాబట్టి, అది కూడా ఇవ్వదలచినవారు తమంతట తాము ఇవ్వవచ్చు, మేము అడగం.

ఓచర్లు మొత్తం 41. అందులో తొమ్మిదింటికి అచ్చు బిల్లు లేదు. చిన్న షెడ్లలో తెల్లకాగితం మీద రాయించి, పనిచేసినవారి సంతకం తీసుకున్నాం. కమిటీలో లేని ఇద్దరు దాతలు అన్నీ సరిచూసి ఆవర్జా మీద సంతకాలు చేశారు. చూడదలచినవారు జనవరి 4 ఆదివారం ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు ఆటోనగర్ షెడ్డుకు రావచ్చు.

నిల్వ 2,420 రూపాయలతో అదనంగా ఒక ఫ్యాను బెల్టు, రెండు రేడియేటర్ గొట్టాలు కొంటాం. ఆ ఓచర్లు తర్వాతి లెక్కలో వస్తాయి.

ఈ రోజు మీటరు రీడింగ్ 87,412. బయలుదేరే రోజు ఉదయం ఐదు గంటలకు బెంజి సర్కిల్ దగ్గర రీడింగ్ ఫొటో తీస్తాం. కిలోమీటరు లెక్కన మాటిచ్చినవారిలో కనీసం ఇద్దరు వచ్చి, అంకె చూసి పుస్తకంలో సంతకం చేయాలని కోరుతున్నాం. టీ ఖర్చు నాది.

కోశాధికారి,
కమిటీ తరఫున