గుంటూరు పట్నం బజార్‌లో మీమ్స్ నడుస్తాయా?

విజయవాడ

ఒరేయ్ శీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మీ గిన్నెల కొట్టు ఇన్‌స్టాగ్రామ్ పేజీలో మీమ్స్, రీల్స్ పెట్టాలా అని అడిగావు. వెనకాల నాన్నగారు "ఆ కోతి వేషాలు మన కొట్లో వద్దు" అనడం కూడా వినపడింది. ఫోన్‌లో చెబితే సగం విని "సరేలే" అంటావు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ ఏజెన్సీ కుర్రాడి సంగతి. నెలకి 30 రీల్స్, అన్నీ ట్రెండింగ్ పాటల మీదే అన్నాడన్నావు. ఏ పాటల మీదట? బిజినెస్ అకౌంట్లకి ఇన్‌స్టాగ్రామ్ సినిమా పాటలు చాలావరకు ఇవ్వదు, రాయల్టీ గొడవ లేని మ్యూజిక్ వాడుకోమంటుంది. దాన్ని తప్పించుకోడానికి కొందరు కొట్టు పేజీని మామూలు అకౌంట్‌గా మార్చి పాట పెట్టేస్తారు. హక్కులున్న కంపెనీ అభ్యంతరం చెప్పిందా, వీడియో మూగదైపోతుంది. నోటీసంటూ వస్తే మీ కొట్టు పేరు మీదే వస్తుంది.

హీరోల బొమ్మలదీ ఇదే వరస. అనిల్ కపూర్ 2023లో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళి తన పేరు, ముఖం, గొంతు, ఆఖరికి ఆ "ఝకాస్" అనే మాట కూడా అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకోకూడదని ఉత్తర్వు తెచ్చుకున్నాడు. మనలో మనం నవ్వుకోడానికి పంపుకునే మీమ్ వేరు, దాని కింద "స్టీల్ సామాన్ల మీద తగ్గింపు" అని రాస్తే వేరు. అసలు కోర్టుల దాకా ఎందుకు, మన ఊళ్ళ సంగతి నీకు తెలియందా? ఒక హీరో బొమ్మ పెడితే ఇంకో హీరో ఫ్యాన్స్ కామెంట్లలోకి దిగుతారు. అక్కడి నుంచి పార్టీలు, ఆ తర్వాత కులాలు. గిన్నెలమ్ముకునేవాళ్ళకి ఈ తలనొప్పి ఎందుకు చెప్పు? బ్రహ్మానందం గారొక్కరే ఏ గొడవా లేని మనిషి. మీ సత్తెనపల్లి వైపు ఆయనే కదా, తెలుగు మీమ్స్‌లో ఎక్కడ చూసినా ఆయన ముఖమే. అయినా అదీ మనం అమ్ముకోవాల్సిన ముఖం కాదు.

మరి ఏం పనిచేస్తుందంటావా? నేను నడిపే పేజీల్లో ఇక్కడి బీసెంట్ రోడ్డు చీరల షాపు ఒకటుంది. అక్కడ తీసిన రీల్ చెప్తా విను. తెల్ల పరుపు మీద చీరల గుట్ట, ఎదురుగా కొనడానికొచ్చిన ఒకావిడ. మెరూన్ చూపించారు, అంచు పెద్దదైంది. ఆకుపచ్చ తీశారు, అది వాళ్ళ తోడికోడలి దగ్గర ఉందట. చివరికి ఆవిడ లేచి, చెంగు సర్దుకుని, "మళ్ళీ వస్తామండీ" అంది. కెమెరా ఆవిడ వెంట వెళ్ళలేదు. సేల్స్‌మన్ గుట్ట వంక చూసి, కెమెరా వంక చూసి, ఏమీ అనకుండా పైన ఉన్న చీర అందుకుని మడత పెట్టడం మొదలెట్టాడు. పాట లేదు, డైలాగ్ లేదు. ఆవిడ షాపు ఓనరు గారి అక్కే అనుకో, ఆ రహస్యం మన మధ్యే ఉండనీ.

కామెంట్ల నిండా "అమ్మా, ఇది నువ్వే" అని ట్యాగులు. కూతుళ్ళు తల్లులకీ, మొగుళ్ళు పెళ్ళాలకీ పంపుకున్నారు. అసలు కిటుకు అదే. ఇన్‌స్టాగ్రామ్ పెద్ద ఆడమ్ మొస్సేరి 2025 మొదట్లో చెప్పిందీ ఇదే: మనల్ని ఫాలో కానివాళ్ళకి వీడియో చేరాలంటే లైకుల కంటే ఒకరికొకరు పంపుకోవడం ముఖ్యం. ట్రెండింగ్ స్టెప్పేసిన రీల్‌కి ఎక్కడో ఇండోర్‌లో ఎవడో లైకు కొడతాడు. వాడొచ్చి పట్నం బజార్‌లో ఇడ్లీ పాత్ర కొంటాడా? తల్లికి పంపిన కూతురు మాత్రం దసరాకి తల్లితోపాటే షాపుకొచ్చి, "ఆ మడతలు పెట్టే ఆయనేడీ?" అంటుంది.

అలాగని ట్రెండ్స్ జోలికే పోవద్దనను. అమూల్ వాళ్ళు 1966 నుంచి చేస్తున్నది అదేగా. ఊరంతా మాట్లాడుకునే విషయం పట్టుకుని, పక్కన వాళ్ళ చుక్కల గౌను పాప, చేతిలో వెన్న. విషయం ఎవరిదైనా బొమ్మ వాళ్ళది. మన దగ్గర చిక్కేమిటంటే, పోస్టు తయారుచేసి పంపితే ఓనరు "మా వాడికి చూపిస్తా" అంటాడు, వాడు బావమరిదిని అడుగుతాడు, ఒప్పుకునేలోపు ట్రెండ్ చచ్చిపోతుంది.

వైరల్ అయితే చాలనుకోవడం కూడా పొరపాటే. హైదరాబాద్‌లో రోడ్డు పక్కన భోజనాలమ్మే ఆ "రెండు లివర్లు ఎక్స్‌ట్రా" కుమారి ఆంటీ గుర్తుందిగా? జనం పోటెత్తి ట్రాఫిక్ ఆగిపోయి, 2024 జనవరిలో పోలీసులు ఆ స్టాల్‌నే తీయించబోయారు. మీ కొట్టు ముందు రెండు స్కూటర్లు ఆగితేనే దారి ఉండదు.

ఇంకో మాట. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి ఇక్కడ సింగ్ నగర్ మునిగినప్పుడు, ఒక షాపు ఓనరు పడవ మీద జోకేసి ఆఫర్ పెడదామన్నాడు. కుదరదని చెప్పి ఆ వారమంతా పేజీలో ఏమీ పెట్టలేదు. అలాంటప్పుడు నోరు మూసుకోవడం కూడా ఈ పనిలో భాగమేరా.

ఇక మీ కొట్టు. మీ దగ్గర గిన్నెల మీద పేర్లు వేసే మిషన్ ఉందిగా, ఆ గుర్రుమనే చప్పుడు చాలు, పాటెందుకు? గిన్నె అడుగున పేరు చుక్కలు చుక్కలుగా పడుతుంటే దగ్గరగా తియ్. పైన ఒక్క ప్రశ్న రాయి: "మీ వంటింట్లో వేరే ఇంటి పేరున్న గిన్నెలెన్ని?" కూర పంపిన గిన్నె తిరిగి రాని ఇల్లు గుంటూరులో ఉందా అసలు? ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో కామెంట్లలో వాళ్ళే కొట్టుకుంటారు.

నాన్నగారిని కెమెరా ముందుకి లాగకు, మిషన్ పట్టుకున్న చేతులు కనిపిస్తే చాలు. ఆదివారం నేనొస్తాను, మొదటిది కలిసి తీద్దాం. బేరాలాడేటప్పుడు మాత్రం ఫోన్ లోపల పెట్టు. ధర బయటపడిందంటే ఆయన నన్ను మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు.

నీ
రాజా